జమా ఖర్చులు : అమ్మ దగ్గర మనిషిని పెట్టాం



మొన్న మన సంఘం ఉగాది సభలో పచ్చడి పంపకం అయ్యాక భోజనాల వరసలో నిలబడ్డాను. నా ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "మీ అమ్మగారు ఊళ్ళోనే ఉన్నారటగా, ఎవరు చూసుకుంటున్నారండీ?" అని అడిగారు. "మనిషిని పెట్టామండీ" అన్నాను. "అదృష్టవంతులు, మనిషి దొరికింది! మాకూ ఎవరినైనా చూసి పెట్టండి" అన్నారాయన. నా వెనక నిలబడ్డ ఆవిడ, "మాకు కూడా" అన్నారు. పప్పు గిన్నె దగ్గరికి చేరేలోపల తేలిందేమిటంటే, ఆ వరసలో ఉన్న నలుగురిలో నలుగురికీ తల్లో తండ్రో ఎక్కడో ఊళ్ళో ఒంటరిగా ఉన్నారు.

ఈ సంచికకి ఆదాయపు పన్ను గురించి రాద్దామనుకున్నాను. అది వచ్చే సంచికకి వాయిదా. "మనిషిని పెట్టాం" అన్న ఆ రెండు ముక్కల వెనక మా ఇంట్లో జరిగిన కథ చెప్తాను. అందులో మేం తెలివిగా చేసిన పనులు తక్కువ, తప్పులు ఎక్కువ. మీకు పనికొచ్చేవీ ఆ తప్పులే.

మా మునిగుడ

మాది ఒడిశాలో రాయగడ జిల్లా మునిగుడ. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయ్యేదాకా మాది కోరాపుట్ జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడక ముందు ఆ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో, జయపురం సంస్థానం కింద ఉండేది. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట రైల్వే ఉద్యోగాలకి కొందరు, చింతపండు, పసుపు బేరాలకి కొందరు తెలుగువాళ్ళు వచ్చి అక్కడక్కడా స్థిరపడ్డారు. మా నాన్నగారు మొదటి రకం. పార్వతీపురం దగ్గర పల్లెటూరి నుంచి గూడ్సు గుమాస్తాగా వచ్చి, రిటైరయ్యాక స్టేషనుకి దగ్గర్లోనే మూడు గదుల పెంకుటిల్లు కట్టుకున్నారు. పెరట్లో నిలబడితే నియమగిరి కొండలు కనిపిస్తాయి. 2013లో పన్నెండు పల్లెసభలు గని తవ్వకం వద్దని తీర్మానం చేస్తే దేశమంతటా వినిపించిన పేరది. మాకు మాత్రం చిన్నప్పటి నుంచీ సంతకి అనాసపళ్ళూ పసుపూ వచ్చే కొండ.

నాన్నగారు పోయి పదకొండేళ్ళయింది. నేను ఉద్యోగరీత్యా రాయపూర్‌లో, చెల్లెలు బెంగుళూరులో, తమ్ముడు అమెరికాలో న్యూజెర్సీలో. ముగ్గురిలో నేనే దగ్గర. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి మునిగుడలో దిగుతాను.

"అమ్మని తెచ్చుకుని దగ్గర పెట్టుకోవచ్చు గదా" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. తెచ్చుకున్నాం. నాలుగో అంతస్తులో ఉన్న మా ఫ్లాటులో మూడు నెలలుంది. కాలక్షేపానికి టీవీ ఉంది, కోడలు కనిపెట్టుకుని ఉంది, లోటేమీ లేదు. ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని అంది గదా: "ఇక్కడ నాను ఎవులికీ బాకీ లేను, నాకెవులూ బాకీ లేరు. ఇదేటి బతుకురా బాబూ!"

బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. బాకీ లేకపోవడం కష్టమని చెప్పినవాళ్ళని అంతవరకూ చూడలేదు. మునిగుడలో అయితే ఎదురింటికి కరివేపాకు ఇస్తుంది, పక్కింటి నుంచి మజ్జిగ తోడు తెచ్చుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే ఆవిడ బతుకు. నాలుగో రోజున రైలెక్కించాను.

పడ్డ రోజు

2023 శ్రావణంలో పెరటి కొళాయి దగ్గర పాచి మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. తుంటి ఎముకకి ఏమీ కాలేదు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు. ఎదురింట్లో రిటైరైన ఒడియా మాస్టారుంటారు. ఆయనే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు కట్టించి, మందులు కొని, అప్పుడు నాకు ఫోను చేశారు. మొదటి మూడు రోజుల ఖర్చూ ఆయన జేబులోంచే.

అమ్మ దగ్గర డబ్బు లేక కాదు. నాన్నగారి ఫ్యామిలీ పెన్షను నెలనెలా ఖాతాలో పడుతుంది. కానీ ఆ ఖాతా ఒక్క అమ్మ పేరున ఉంది. ఏటీఎం కార్డు "నాకెందుకు" అని తీసుకోలేదు. సంతకం చేసే చేతికి పిండికట్టు. కౌంటరుకి వచ్చిన ప్రతి పెద్దమనిషికీ "జాయింటు చేయించుకోండి, రేపు ఇబ్బంది పడతారు" అని చెప్పే నేను, కన్నతల్లి ఖాతా సంగతి పట్టించుకోలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా పని.

దీనికి దారి లేకపోలేదు. ఖాతాదారు జబ్బుచేసి సంతకం చేయలేకపోతే వేలిముద్ర తీసుకోవచ్చు. చెయ్యి అసలే కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర కూడా చెల్లుతుంది. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. నా సర్వీసులో ఎంతోమందికి ఈ పని చేసిపెట్టాను. అప్పుడది నాకు ఒక ఫారం మాత్రమే. అమ్మ అయిదో తరగతి చదివింది. తన సంతకం గుండ్రంగా ఉంటుందని ఆవిడకి గొప్ప. ఎడమచేతి బొటనవేలికి సిరా రాస్తుంటే తలెత్తకుండా, "నాకు రాత రాదని రాసుకుంటారేటిరా?" అంది. ఏం జవాబు చెప్పను?

పదకొండు రోజులు

ఇహ మనిషిని పెట్టాలని ముగ్గురం ఫోనులో సమావేశమయ్యాం. డబ్బు దగ్గర ఎవరూ వెనక్కి తగ్గలేదు. తమ్ముడు అక్కడి నుంచే ఒక పట్నంలోని ఏజెన్సీతో మాట్లాడి, శిక్షణ పొందిన ఆయాని ఏర్పాటు చేశాడు. తెలుగమ్మాయి, చురుకైనది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. రేటు, అడ్వాన్సు, మానేస్తే వేరే మనిషిని పంపే షరతు అన్నీ కాగితం మీద ఉన్నాయి. చెల్లెలు గ్లూకోమీటరు పంపింది. తమ్ముడు గోడకి కెమెరా పెట్టించాడు.

పదకొండో రోజున ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

తప్పు ఆ పిల్లదని కొన్నాళ్ళు అనుకున్నాం. తరవాత ఒక్కొక్కటే తెలిసింది. అమ్మ ఆమెని వంటింట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టింది. స్నానం చేయించబోతే తలుపు గడియ వేసుకుంది. ఊళ్ళో ఆ పిల్లకి తెలిసినవాళ్ళు లేరు, ఒడియా రాదు, దుకాణానికి వెళ్ళి ఉప్పు తెమ్మన్నా దిక్కులు చూడవలసిందే. కెమెరా మీద అమ్మ తన తువ్వాలు ఆరేసింది. న్యూజెర్సీలో తమ్ముడికి రెండు వారాలపాటు తువ్వాలే కనిపించింది.

మేం మా ముగ్గురి ఒప్పందం, ఏజెన్సీ ఒప్పందం రాసుకున్నాం. ఎవరి కోసం పెడుతున్నామో ఆవిడని ఒక్క మాట అడగలేదు. "నానేటి అయిపోనానని మనిసిని ఎట్టారు?" అని అమ్మ నన్ను అడిగినప్పుడు గానీ ఆ సంగతి తట్టలేదు. ఈసారి మునిగుడ వెళ్ళి మంచం పక్కన కూర్చుని, "ఏయే పనికి మనిషి కావాలో నువ్వే చెప్పు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి మూడు చెప్పింది. నీళ్ళు తోడటానికి, జడ వేయటానికి, రాత్రిపూట పక్కన పడుకోవటానికి. మూడోది చాలా నెమ్మదిగా చెప్పింది. ఒంటరిగా పడుకోవడానికి భయపడుతోందని మా ముగ్గురికీ అప్పటిదాకా తెలియదు.

పంచదార డబ్బా

రెండో మనిషి మాస్టారి ద్వారా దొరికింది. కొండ దిగువ ఊరి మనిషి. బస్సులో ముప్పావు గంట ప్రయాణం. నలభై అయిదేళ్ళుంటాయి, భర్త లేడు. ఇంట్లో కువి మాట్లాడుతుంది, సంతలో ఒడియా. సంత పుణ్యాన నాలుగు తెలుగు ముక్కలూ వచ్చు. ఏ శిక్షణా లేదు. అమ్మని మొదటి రోజు నుంచీ "మావుసీ" అంది. ఒడియాలో పిన్ని అన్నమాట.

అయినా వంటింటి గొడవ మళ్ళీ మొదటికొచ్చింది. "పొయ్యి దగ్గరకి మాత్రం రానివ్వను" అంది అమ్మ. నేను గట్టిగా చెప్పలేకపోయాను. కాలం మారిందని వేదిక మీద ఉపన్యాసం ఇవ్వడం తేలిక, తల్లి ఎదుట నోరు పెగలదు. ఆమె మాత్రం మాస్టారి ద్వారా ఒక్కటే అడిగించింది: "బిందె ముట్టుకోకుండా మావుసీకి రాత్రి నీళ్ళెలా ఇవ్వడం?" నా దగ్గర సమాధానం లేదు. గదిలో వేరే కూజా పెట్టించి, సమస్య తీరిందనుకుని రైలెక్కాను.

కార్తీకంలో ఏకాదశి వచ్చింది. అమ్మ ఉపవాసం ఉంది. అన్నం మానేసింది గానీ చక్కెర జబ్బు మాత్ర మానలేదు. మాత్ర మానకూడదని డాక్టరు చెప్పాడుగా మరి! రాత్రి రెండింటికి ఒళ్ళంతా చెమట పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పక్కన పడుకున్న ఆమెకి మెలకువ వచ్చింది. చక్కెర పడిపోతే ఎలా ఉంటుందో చెల్లెలు ఫోనులో మాస్టారికి చెప్పి, ఆయన చేత ఆమెకి రెండుసార్లు చెప్పించింది. ఆమె ఇంకేమీ ఆలోచించకుండా వంటింట్లోకి వెళ్ళి, చీకట్లో డబ్బాలు తడిమి, ఉప్పు డబ్బా, రవ్వ డబ్బా దాటి పంచదార పట్టుకుని నీళ్ళలో కలిపి తాగించింది. తరవాత వెళ్ళి మాస్టారిని లేపింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆమె వంటింట్లో టీ పెడుతోంది. నేను అటు చూడటం అమ్మ గమనించింది. "పంచదార డబ్బా ఎక్కడుంటదో దానికి తెలవాల గదా మరి" అంది, గోడకేసి చూస్తూ. వంటిల్లు గురించి మా ఇంట్లో తరవాత చర్చ జరగలేదు.

చక్కెర జబ్బు మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఉపవాసాల ముందు డాక్టరుని అడగండి. మాత్ర సంగతి ఉపవాసాన్ని బట్టి మారుతుంది. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వాలని పక్కనున్న మనిషికి చెప్పి ఉంచండి. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

720 గంటలు

ఇక మా అసలు తప్పు.

ఆమెకి నెలకి 9,000 రూపాయలు ఇస్తున్నాం. మునిగుడ లెక్కన అది మంచి జీతమే అనుకున్నాం. తిండి మనదే, పండగకి చీర. అయిదు నెలలు గడిచాయి. చైత్ర పండగకి నాలుగు రోజులు ఊరికి వెళ్తానంది. అప్పుడు చూసుకుంటే, సెలవు అనే మాట మా ఏర్పాటులో ఎక్కడా లేదు. "సరిగ్గా ఇప్పుడే వెళ్ళాలా? జీతం ఇస్తున్నాం గదా" అన్నాడు తమ్ముడు. నేనూ కాదనలేదు. చివరికి చెల్లెలు సెలవు పెట్టుకుని వచ్చి అమ్మ దగ్గర ఉంది. ఆమె నాలుగు రోజులని వెళ్ళి ఆరో రోజున వచ్చింది.

ఆలస్యం ఎందుకైందని అడిగాను. వాళ్ళమ్మకి జ్వరమట. ముసలావిడ, చూపు ఆనదు. "మరి నువ్విక్కడుంటే ఆవిణ్ణి ఎవరు చూస్తున్నారు?" అన్నాను. "నా చిన్న కూతురు" అంది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి. అయిదు నెలలుగా బడికి వెళ్ళడం లేదు. ఫిర్యాదులా చెప్పలేదు, అడిగాను గనక చెప్పింది.

ఆ రాత్రి నిద్రపట్టక అలవాటు కొద్దీ లెక్క వేశాను. రోజుకి 24 గంటలు, నెలకి 720 గంటలు. 9,000ని 720తో భాగిస్తే గంటకి పన్నెండున్నర రూపాయలు. నాకు క్యాజువల్ లీవు, ప్రివిలేజి లీవు, సిక్ లీవు ఉన్నాయి. 2015 సెప్టెంబరు నుంచి రెండో శనివారం, నాలుగో శనివారం కూడా సెలవే. అయినా పని ఎక్కువని గొణుక్కుంటాను. మా అమ్మ రాత్రి ఒంటరిగా పడుకోకూడదని నేను చేసిన ఏర్పాటుకి పదమూడేళ్ళ పిల్ల చదువు ఖర్చు రాసుకుంది. ఆ ఖర్చు మా ముగ్గురి లెక్కలో ఎక్కడా కనపడలేదు, ఎందుకంటే అది కట్టింది మేం కాదు.

తమ్ముడికి ఫోను చేసి ఇదే చెప్పాను. చాలాసేపు అటునుంచి చప్పుడు లేదు. తరవాత, "ఎంత పెంచాలి అన్నయ్యా?" అన్నాడు. "ముందు పెంచవలసింది మనుషుల్ని, తరవాత జీతం" అన్నాను.

ఇప్పుడిద్దరున్నారు. అదే వీధిలో ఉండే ఇంకొకావిడ వారానికి మూడు రాత్రులు, ఒక పూర్తి పగలు ఉంటుంది. మొదటి ఆమె ఆ రోజుల్లో ఊరికి వెళ్ళి వస్తుంది. జీతం ఆమెకి 12,000, రెండో ఆవిడకి 5,500. అంటే 9,000 నుంచి 17,500కి పెరిగింది, ముగ్గురం సమానంగా పంచుకున్నాం. జీతం ప్రతి నెలా ఒకటో తారీఖున వాళ్ళ సొంత ఖాతాల్లో పడుతుంది. దసరాకి ఒక నెల జీతం బోనసు. ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఇద్దరినీ చేర్చాను. 18 నుంచి 70 ఏళ్ళ లోపు వారికి ఏడాదికి 20 రూపాయలకి 2 లక్షల ప్రమాద బీమా. 50 ఏళ్ళ లోపువారు జీవనజ్యోతి బీమాలో కూడా చేరవచ్చు, ఏడాదికి 436 రూపాయలు. బ్యాంకు ఖాతా ఉంటే చాలు. మన ఇంట్లో పనిచేసేవారికి ఈ పాటి చేయించడానికి అరగంట పట్టదు.

బడి వేసవి సెలవుల తరవాత తెరిచినప్పుడు ఆ పిల్ల మళ్ళీ వెళ్ళింది. ఒక ఏడాది వెనకబడింది. అది మాత్రం మేం తిరిగి ఇవ్వలేనిది.

నాకు అర్థమైంది ఇది. దూరాన ఉన్నవాళ్ళం అమ్మని చూసుకోలేం. అమ్మని చూసుకునే మనిషిని చూసుకోగలం. ఆమె నిద్ర, ఆమె సెలవు, ఆమె ఇంటి సంగతి మన బాధ్యత. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లల చేత డబ్బు ఇప్పించగలదు. అర్ధరాత్రి పంచదార వెతికే మనిషిని ఏ చట్టమూ ఇప్పించలేదు.

చెయ్యి ఆడుతుండగానే

ఇహ నా వృత్తికి సంబంధించిన నాలుగు మాటలు. ఇవన్నీ పెద్దవాళ్ళ చెయ్యి ఆడుతుండగా, మనసు స్థిమితంగా ఉండగా, వాళ్ళు ఒప్పుకుంటేనే చేయవలసినవి.

ఒకటి, ఖాతా. పెన్షను పడే ఖాతాని అమ్మ పేరునే ఉంచాం. పక్కన అమ్మా నేనూ కలిసి "ఇద్దరిలో ఎవరైనా లేక బతికున్నవారు" అనే పద్ధతిలో ఇంకో ఖాతా తెరిచాం. నెలకి ఇంత అని మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి దానంతటదే వెళ్తుంది. పాసుపుస్తకం అమ్మ దిండు కింద ఉంటుంది. 70 దాటినవారికి ఇంటి దగ్గరే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకి చెప్పింది. మీ శాఖలో అడగండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు.

రెండు, ముఖత్యార్‌నామా, అంటే పవరాఫ్ అటార్నీ. ఇది ఉంది గదా అని నిశ్చింతగా ఉండకండి. ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే మామూలు పవరు చెల్లదు. మరపు జబ్బు ముదిరాక సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాకుండా పోతుంది. అందుకే ఏ పనైనా ముందే చక్కబెట్టుకోవాలి.

మూడు, పెన్షను. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టుకి ముసలివాళ్ళని ఆటోలో కుదేసుకుంటూ తీసుకెళ్ళక్కర్లేదు. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఇంటి నుంచే ఇవ్వవచ్చు. వేళ్ళ గీతలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోతే, 2021 నుంచి సెల్‌ఫోనులో ముఖం చూపించి ఇచ్చే సదుపాయం ఉంది. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. కేంద్ర ప్రభుత్వ, రైల్వే పెన్షనర్లకీ ఫ్యామిలీ పెన్షనర్లకీ 80 నిండితే మూల పెన్షను మీద 20 శాతం, 85కి 30 శాతం అదనం వస్తుంది. అమ్మకి 80 నిండినా రాలేదేమా అని చూస్తే, నాన్నగారి పెన్షను పత్రంలో ఆవిడ పుట్టిన తేదీ గడి ఖాళీ! రుజువు కాగితం ఇచ్చి రాయించాక బకాయితో సహా వచ్చింది. మీ అమ్మగారి పత్రం ఈ రోజే తీసి ఆ గడి చూడండి.

నాలుగు, వైద్యం. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ కార్డు కింద ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఉంది. ఒడిశా 2025లో అందులో చేరింది. మా వైపు వారికి పెద్ద దిక్కయిన బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రి 1954 నుంచీ ఉంది గనక ఆసుపత్రి లేదన్న బాధ మాకు లేదు. కానీ ఈ కార్డు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. ఇంట్లో పెట్టిన మనిషి జీతం మన జేబులోంచి పోవలసిందే. పెద్దవాళ్ళకి అన్యాయం జరుగుతోందనిపిస్తే, 14567 అనే నంబరుకి దేశంలో ఎక్కడి నుంచైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఆఖరుది, ఊళ్ళో ఒక నమ్మకమైన మనిషి. మాకు మాస్టారు. బి.కాం.లో నేర్పిన ఇంప్రెస్టు పద్ధతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. చిల్లర ఖర్చుకి ముందుగానే కొంత సొమ్ము అప్పగించి, ఖర్చయినంతా మళ్ళీ నింపుతాం. మాస్టారి దగ్గర 10,000 అలా ఉంచాం. ఆయన మొదట నొచ్చుకున్నారు. "మీ స్నేహానికి కాదండీ, మీ జేబుకి" అన్నాను. ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే మా కోసం ఆగకుండా చేర్చమని ముగ్గురం సంతకాలు చేసిన ఉత్తరం, డాక్టరు చీటీల నకళ్ళు, ఆధార్ నకలు ఒక ఫైలులో పెట్టి ఇచ్చాం. మనం లేనప్పుడు నిర్ణయం తీసుకునేవారికి డబ్బూ, అధికారమూ రెండూ ఇవ్వాలి. ఒకటే ఇస్తే వాళ్ళని ఇరుకున పెట్టినట్టే.

చివరి నిల్వ

కెమెరా ఇప్పుడు లేదు. దాని బదులు రోజు పుస్తకం ఉంది. అమ్మే కనిపెట్టింది. ఎడమ పక్క సూర్యుడి బొమ్మ, కుడి పక్క చంద్రుడి బొమ్మ. మాత్ర వేసుకుంటే గీత, అన్నం తింటే సున్నా. బొమ్మలు రెండో ఆవిడ వేస్తుంది, గీతలు మొదటి ఆమె పెడుతుంది. ఆదివారం నాడు మాస్టారు ఫొటో తీసి పంపిస్తారు. మా బ్యాంకు ఆడిట్‌లో కూడా ఇంత శుభ్రమైన పుస్తకం నేను చూడలేదు.

అన్నీ బాగున్నాయని చెప్పను. రాత్రి పదకొండు తరవాత ఫోను మోగితే ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది. రేపు అమ్మ మంచం పడితే ఈ ఏర్పాటు చాలదు. అప్పుడేం చేయాలో ఆవిడతోనే మాట్లాడుతున్నాం, కొంచెం కొంచెంగా. ఆవిడ షరతు ఒక్కటే: మునిగుడ కదలదు.

పోయినసారి వెళ్ళినప్పుడు, ఆమె ఊరికి బయల్దేరుతుంటే అమ్మ కరివేపాకు, రెండు కొబ్బరికాయలు, ఒక పాత దుప్పటి మూట కట్టి ఇచ్చింది. ముసలమ్మకట. ఆమె వద్దంటోంది, అమ్మ వినడం లేదు. బస్సు వెళ్ళాక నాతో అంది: "దానికి నాను బాకీరా. నువ్వు జీతం ఇత్తన్నావు గానీ, అది నీ లెక్క. ఇది నా లెక్క."

ఆ రెండో లెక్కలో నేను వేలు పెట్టను. వరసలో నా ముందు నిలబడ్డ పెద్దమనిషి, వెనక నిలబడ్డ ఆవిడ ఈ పేజీ చదువుతున్నారనుకుంటాను. మనిషిని చూసి పెట్టమన్నారు. తప్పకుండా చూస్తాను. కానీ ముందు రెండు పనులు చేయండి. మీ అమ్మగారిని, మీ నాన్నగారిని ఏయే పనికి మనిషి కావాలో అడగండి. రాబోయే ఆ మనిషి ఇంట్లో ఎవరున్నారో కూడా అడగండి.

మీ అనుభవాలు, మీరు చేసిన తప్పులు సంఘం చిరునామాకి రాయండి. వచ్చే సంచికలో ఆదాయపు పన్ను. సెలవు.